రెండు గీతల ఎత్తు

1977 జూన్‌లో ఒక సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, హనుమకొండ పోయే రోడ్డు మీద నేను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాను. పట్టీకి ఏమీ కాలేదు. నాకు ఊపిరి అందలేదు. ముందు నడుస్తున్న నా భర్త వెంకటరాజం సైకిలు ఆపి వెనక్కి చూశారు, తర్వాత చేతి గడియారం చూసుకున్నారు. అందుకే ఆ సమయం నాకు గుర్తుంది.

"ఏమైంది?"

"చెప్పు."

"గిది మూడోసారి, సుశీలా."

"పాతదైంది మరి. కొత్తవి కొనుక్కోవాలె."

మేము మట్టెవాడలో ఉండేవాళ్ళం. ఆయన నీటిపారుదల ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు గీసిన పటాలను పలుచటి గుడ్డ మీద మళ్ళీ గీయడం ఆయన పని. నేను హనుమకొండలో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేదాన్ని. రోజూ సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నన్ను బడి దగ్గర దింపి ఆఫీసుకు పోయేవారు. ఆ సోమవారం చక్రం పంక్చరయింది కాబట్టి నడిచాం. నడవకపోయి ఉంటే నా సంగతి ఆయనకు ఇంకా చాలాకాలం తెలిసేది కాదు. క్యారియరు మీద కూర్చున్న మనిషికి ఆయాసం రాదు.

జబ్బు నుంచి బయటపడి పదేళ్ళు కావస్తోంది. జబ్బు గురించి రాయమని బడిలో తోటి టీచర్లు చాలాసార్లు అడిగారు. అప్పుడు రాయలేదు. ఇప్పుడు రాయడానికి కారణం వేరు. అది చివర చెబుతాను.

*

1977 జూలై.

డాక్టరు గారి గది ముందు రెండు పొడుగు బల్లలు ఉండేవి. నంబరు వేసిన రేకు బిళ్ళ చేతికిచ్చేవారు. నాది పంతొమ్మిది. ఆ బిళ్ళ అంచు చేతులు తగిలి తగిలి నున్నగా అయిపోయింది. నా ముందు ఎంతమంది పట్టుకున్నారో, వాళ్ళంతా ఏమయ్యారో అని ఆలోచిస్తూ కూర్చున్నాను. పక్కన కూర్చున్న ముసలామె నా వైపు చూసి, అడక్కుండానే కొంచెం జరిగి గోడకు ఆనుకునే చోటు ఇచ్చింది. నిటారుగా కూర్చోలేకపోతున్నానని ఆమెకు ఎట్లా తెలిసిందో.

డాక్టరు గారు చాలాసేపు విన్నారు. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగారు. వచ్చింది. ఆ జ్వరమే గుండె లోపలి తలుపును పాడుచేసిందని, అది ఇప్పుడు సగమే తెరుచుకుంటోందని చెప్పారు.

"చెప్పమ్మా, ఆయాసం ఎప్పుడు వస్తాంది? ఎత్తు ఎక్కితేనా, చదునుగ నడిస్తె గూడనా?"

"ఎత్తు ఎక్కితేనే" అన్నాను.

"మంచిగ యాదికి తెచ్చుకో. ఎత్తు మీదనే అయితె మందులతోటి కొంతకాలం చూస్తం. చదును మీద గూడ వస్తాందంటె ఆపరేషన్ చేయించాలె. ఆలస్యం చేసేది కాదది."

"ఎత్తు మీదనే" అని మళ్ళీ అన్నాను.

అది అబద్ధం. మా చిన్నమ్మ నా పన్నెండో ఏట కడుపు ఆపరేషన్ కోసం హైదరాబాదు పోయింది. ఆమె రాలేదు, ఆమె కట్టుకుపోయిన చీర మాత్రం సంచిలో తిరిగి వచ్చింది. ఆపరేషన్ అనే మాట వింటే నాకు ఆ సంచే కనబడేది. నేను చదువుకున్నదాన్ని, పిల్లలకు చదువు చెప్పేదాన్ని. భయం దగ్గర ఆ చదువు ఏమీ పనికిరాలేదు.

డాక్టరు గారు నా భర్త వైపు తిరిగారు. "ఒక నెల చూడుండ్రి. ఎక్కడ ఆగుతాందో సరిగ్గ చెప్పాలె నాకు. అందాజుగ కాదు."

సరిగ్గా అనే మాట ఆయనకు చెప్పకూడని మాట. ఆయన జీవితమంతా సరిగ్గా గీతలు గీసినవారు.

*

అదే నెలలో సైకిలుకు మూడు వస్తువులు వచ్చాయి.

మొదటిది ముందు చక్రం దగ్గర బిగించే చిన్న మీటరు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఊచకు కట్టిన మేకు దాన్ని ఒకసారి కొట్టేది. ఎంత దూరం పోయామో అంకెల్లో చూపేది. రెండోది చౌకులో పాత సామాను అమ్మే చోట దొరికిన ఇత్తడి అనెరాయిడ్, జేబు గడియారం కంటే కొంచెం పెద్దది. సర్వే వాళ్ళు కొండల ఎత్తు చూసుకునేది. గాలి బరువును బట్టి దాని ముల్లు కదులుతుంది. పైకి పోతే గాలి పలుచన అవుతుంది, ముల్లు ఎక్కువ ఎత్తు చూపుతుంది. దాన్ని తోలు పట్టీతో హ్యాండిలుకు కట్టారు. మూడోది తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం, లోపల గాలి బుడగ ఉండే గాజు గొట్టం. దాన్ని సైకిలు నడుమ కడ్డీ మీద బిగించి, పక్కన సన్నటి కాగితం మీద గీతలు గీసి అంటించారు. బుడగ నడుమ ఉంటే చదును. ముందుకు ఒక గీత జరిగితే నూరు అడుగులకు ఒక అడుగు ఎక్కుడు. రెండు గీతలైతే రెండడుగులు.

మా అత్తమ్మ గడపలో నిలబడి చూసింది.

"సైకిలుకు గూడ దవాఖాన వెట్టినవా రాజం? దాని గుండె గూడ చూస్తరా?"

"దాని గుండె మంచిగనే ఉన్నదమ్మా."

"మరి రోగం మనిషికైతె మందు సైకిలుకా?"

రోజూ ఉదయం ములుగు రోడ్డు కలిసే చోట నేను క్యారియరు దిగాలి. అక్కడినుంచి అర మైలు ఇద్దరం నడవాలి. ఆయన సైకిలు తోస్తూ నా పక్కన నడిచేవారు. నేను ఆగినప్పుడల్లా మీటరు అంకె, బుడగ ఉన్న గీత, ఆగిన కారణం ఒక నోటుబుక్కులో రాసేవారు.

మొదటి వారం బుడగ నడుమనే ఉంది. కాబట్టి నేను ఆయాసం అని ఒక్కసారి కూడా అనలేదు. ఆగకుండా ఉండలేను కూడా. ఆయన వారమంతా రాసింది నేను తర్వాత చదివాను. "చదును. ఆగింది. కారణం చెప్పు పట్టీ." "చదును. ఆగింది. కారణం బట్టల దుకాణంలో చీర." "చదును. ఆగింది. కారణం తెలిసిన పిల్ల పోతున్నదేమోనని చూసింది." ఒక్కదాని పక్కన కూడా అబద్ధం అని రాయలేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు.

రెండో వారం సోమవారం దిగి చూస్తే బుడగ రెండు గీతలు ముందుకు జరిగి ఉంది.

"ఇదేంది?"

"పోయిన వారం గొట్టం సరిగ్గ బిగియలే. ఇప్పుడు సరిచేసిన. ఈ రోడ్డు ఎక్కుడే."

నా ఒంట్లోంచి ఏదో బరువు దిగింది. రోడ్డుదే తప్పు. వంద గజాలు పోగానే ఆగాను. ఈసారి వంగలేదు, దుకాణం వైపు చూడలేదు. రోడ్డు మీద నిలబడి నోటితో గాలి పీల్చుకున్నాను.

"ఆయాసం వస్తాంది. రాసుకోండి" అన్నాను.

రాసుకున్నారు. కళ్ళెత్తి నన్ను చూడలేదు.

ఆ రోజు నుంచి అన్నీ చెప్పాను. ఛాతీ మీద తడి గుడ్డ పరిచినట్టు ఉండేది, అది చెప్పాను. పెదవులు తిమ్మిరెక్కేవి, అది చెప్పాను. ఎన్ని నెలలుగా దాచానో ఆ మాటలన్నీ ఆ అర మైలు మీద చెప్పాను. చెప్పడం ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు.

నడుమదారిలో మల్లక్క అనే ఆమె జాంపండ్లు అమ్మేది. నేను ఆమె దగ్గరికి వచ్చేసరికి రోజూ ఆగవలసి వచ్చేది. ఆమె తను కూర్చున్న ముక్కాలిపీట తీసి నాకు వేసి, కుండలోంచి నీళ్ళు ఇచ్చేది.

"జర కూసో టీచరమ్మా. బడి ఎటూ పోదు."

"ఈ ఎక్కుడుకు కాళ్ళు పోతున్నయి మల్లక్కా."

ఆమె రోడ్డును అటూ ఇటూ చూసింది. "ఎక్కుడా? గీ రోడ్డా? ఆనకాలం నా ముంగట పడ్డ నీళ్ళు మూడొద్దులైనా కదలయి. ఈడనే దోమలు లేస్తయి."

నాకు కోపం వచ్చింది. చదువురాని మనిషికి ఏం తెలుసు, గాజు గొట్టం చూపిస్తోంది కదా అనుకున్నాను. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు కూడా బుడగ రెండు గీతలు ముందుకే ఉండేది. పోయేటప్పుడూ ఎక్కుడే, వచ్చేటప్పుడూ ఎక్కుడే. ఏ దారీ అట్లా ఉండదని ఐదో తరగతి పిల్ల కూడా చెబుతుంది. హ్యాండిలు మీది ముల్లు కూడా ఆ అర మైలంతా కదిలేది కాదు. దాని గురించి ఒకసారి అడిగితే, మబ్బు పట్టినప్పుడు దాన్ని నమ్మొద్దని అన్నారు. నేను మళ్ళీ అడగలేదు. నాకు ఆ రెండు గీతలు కావాలి.

*

1977 ఆగస్టు.

ఈసారి రేకు బిళ్ళ నంబరు ఆరు. డాక్టరు గారు నోటుబుక్కు తిరగేస్తూ పైకి చదివారు.

"చదును. ఎనభై గజాలకు ఆగింది, ఆయాసం. చదును. తొంభై గజాలు, ఆయాసం, పెదవులు తిమ్మిరి. చదును. మళ్ళ చదును." బుక్కు మూశారు. "ఆపరేషనేనమ్మా. దసరా దాటినంక పేరు రాయిస్త."

"చదును కాదండీ" అన్నాను. "రెండు గీతల ఎక్కుడు. నేను రోజూ చూసిన."

డాక్టరు గారు నా భర్తను చూశారు. ఆయన నేల చూశారు. బయటికి వచ్చాక సైకిలు స్టాండు వేసి, గాజు గొట్టం ముందు మర విప్పి, దాని కిందినుంచి మడిచిన బస్సు టికెట్టు తీసి నా చేతిలో పెట్టారు. బుడగ నడుమకు వచ్చి నిలిచింది.

"నన్ను మోసం చేసిన్రు."

"చేసిన."

"నెల రోజులు."

"మూడు వారాలు. మొదటి వారం సరిగ్గనే ఉండె." మర మళ్ళీ బిగించారు. "ఎత్తు ఉంటెనే నువ్వు నిజం చెప్తానవ్ సుశీలా. రోడ్డుకు ఎత్తు లేకపాయె. అందుకని పెట్టిన."

నేను రిక్షా ఎక్కి ఇంటికి వచ్చాను. ఆయన సైకిలు మీద వెనక వచ్చారు. మూడు రోజులు మాట్లాడలేదు. అన్నం వడ్డించి పక్కకు పోయేదాన్ని. కోపం దేనిమీదో నాకు స్పష్టంగా తెలియదు. ఆయన చేసిన మోసం మీదా, అది లేకుండా నేను నిజం చెప్పలేకపోయినందుకా.

అత్తమ్మకు ఆపరేషన్ అసలే ఇష్టం లేదు. "గుండెను కోసినంక మనిషి మనిషిగ ఉంటదా" అని వచ్చినవాళ్ళందరినీ అడిగేది. కాని నాలుగో రోజు పొద్దున బియ్యం ఏరుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"వాడు బడిల ఉన్నప్పుడు పక్కోని పలక చూసి రాసుకొమ్మంటె గూడ రాయకపోయేది. సున్నా మార్కులు తెచ్చుకుండు గని చూసి రాయలే. గసోంటోడు నీకోసం దొంగ గీత గీసిండు." రాయి ఒకటి తీసి పారేసింది. "పో బిడ్డా, చేయించుకో. నేను ఫికర్ చేస్త గని ఆపను."

ఆ సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి రాగానే, ఎప్పుడు పోవాలి అని అడిగాను.

*

1978 జనవరి, హైదరాబాదు.

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తక్కువ. తెలిసినదంతా ముందూ వెనకా ఎదురుచూడటమే. పదకొండు రోజులు పేరు పిలుస్తారని కూర్చున్నాం. రెండుసార్లు తయారుచేసి వెనక్కి పంపారు. మూడోసారికి భయం కూడా అలసిపోయింది.

పక్క మంచం మీద సిద్దిపేట ఆమె ఉండేది. ఆమె ఆపరేషన్ అయిపోయింది. లేచి నడిచే ఓపిక వచ్చిన మొదటి రోజు నా మంచం దగ్గరికి వచ్చి నా జుట్టు చిక్కు తీసి రెండు జడలు వేసింది. "లోపలికి తీసుకపొయ్యేటప్పుడు నర్సులు లాగి లాగి ముడేస్తరు. ముందుగాల్నే అల్లుకుంటె నొయ్యది" అంది. ఇన్నేళ్ళలో నాకు ఎవరూ అంతకంటే పనికొచ్చే సలహా ఇవ్వలేదు.

ఆయన అనెరాయిడ్‌ను జేబులో పెట్టుకుని తెచ్చారు. నన్ను తీసుకుపోయే బండి వచ్చినప్పుడు దాన్ని తీసి నాకు చూపించారు.

"ఇది మూడో అంతస్తు. నిన్ను పైకి తీసుకపోతరు, పదిహేను అడుగులు. అంతే. మళ్ళ కిందికి తెస్తరు."

"మబ్బు పడితె?"

"మబ్బు లేదు. చూసిన."

నాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే లోపలికి పోయాను.

తెలివి వచ్చాక నొప్పి ఉంది, దాహం ఉంది. వాటి కింద, చాలా లోపల, గాలి తన దారిన తాను లోపలికి పోతోంది. దాని కోసం నేనేమీ చేయనక్కరలేదు. ఆ సంగతి గమనించి కళ్ళ నీళ్ళు వచ్చాయి. నర్సు నొప్పికి అనుకుంది.

మార్చిలో ములుగు రోడ్డు కలిసే చోట మళ్ళీ క్యారియరు దిగాను. గొట్టం నా ఎదురుగానే బిగించారు, కింద ఏమీ లేదని వేలు పెట్టి చూశాను. బుడగ నడుమ నిలిచింది. అర మైలు ఆగకుండా నడిచాను. మల్లక్క అలవాటు చొప్పున పీట తీసి వేసింది. అవసరం లేకపోయినా కూర్చున్నాను.

"ఎక్కుడు పోయిందా టీచరమ్మా?"

"పోయింది మల్లక్కా. సారు తీసేసిండు."

*

1979 నుంచి 1985 వరకు.

ఇక కొలవవలసిన అవసరం లేదు. అయినా ఆయన మానలేదు. పొద్దున లేవగానే అనెరాయిడ్ అద్దాన్ని గోరుతో రెండుసార్లు తట్టి, ముల్లును మా ఇంటి ఎత్తుకు తెచ్చి పెట్టేవారు. మర్నాటికి అది జరిగి ఉండేది. వాన ముందు గాలి బరువు తగ్గుతుంది, దానికి ఇల్లు పైకి లేచినట్టు అనిపిస్తుంది.

"అమ్మా, ఇల్లు ఇయ్యాల అరవై అడుగులు లేసింది. ఒడియాలు ఎండవెట్టకు."

"నీ ఇల్లు లేవంగ, నా ఒడియాలెందుకు ఆగాలె" అనేది అత్తమ్మ. కాని ఎండబెట్టేది కాదు.

ఆదివారాలు ఇద్దరం పోయేవాళ్ళం. ఎనుమాముల వైపు దారిలో ఎక్కడెక్కడ ఎక్కుడు ఉందో, పద్మాక్షి గుట్ట దగ్గర ఎంత ఉందో అన్నీ రాసేవారు. ఎక్కుడు వస్తే నేను దిగి నడిచేదాన్ని. ఇప్పుడు నేను ముందు, ఆయన వెనక. నా ఊపిరి నాకే కొత్తగా, గొప్పగా ఉండేది. పైకి పోయి నిలబడి వెనక్కి చూసేదాన్ని. ఆయన సగం ఎక్కుడులో సైకిలు ఆపి, వంగి గొట్టం చూస్తూ, అద్దం తట్టుతూ ఉండేవారు.

"ఎంత?"

"ఇరవైకి ఒకటి."

"పోయిన ఆదివారం గూడ అంతే కదా. మళ్ళ చూసుడెందుకు, రోడ్డు పెరిగిందా?"

"పోయినవారం ఎండ ఉండె. ఇత్తడి సాగుతది."

నేను నవ్వేదాన్ని. ట్రేసరు బుద్ధి అనుకునేదాన్ని. చివరి సంవత్సరంలో అట్లా ఆగడం ఎక్కువైంది. అప్పుడు కూడా సరిగ్గా కొలవాలన్న తపన పెరుగుతోందనే అనుకున్నాను. సాయంత్రం అలసటగా కనిపిస్తే ఆఫీసులో పని ఎక్కువ అన్నారు. నమ్మాను.

1985 ఆగస్టులో, నన్ను బడి దగ్గర దింపి ఆఫీసుకు తిరిగి పోతూ, మల్లక్క దగ్గర సైకిలు ఆపారు. పీట మీద కూర్చుని నీళ్ళు అడిగారు. ఆమె కుండలో ముంచి తెచ్చేసరికి గోడకు ఆనుకుని ఉన్నారు. గుండె అన్నారు డాక్టరు గారు. ఆయనకు నలభై ఆరేళ్ళు.

పదో రోజున మల్లక్క ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప దగ్గరే కూర్చుంది.

"సారు ఎండకాలం నుంచి ఆగుతుండె టీచరమ్మా. రోజు కూసునుడే. రొమ్ము మీద చెయ్యి వెట్టుకునేది. ఏందంటె, మీటర్ చూస్తాన అనేటోడు. నీకు చెప్పొద్దన్నడు. నేను చెప్పేదుండె."

ఆమెకు నీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆమెను తప్పు పట్టడానికి నాకు హక్కు లేదు.

ఆయన చివరి నోటుబుక్కు కొన్ని నెలల తర్వాత తెరిచాను. ముందు పేజీల్లో అన్నీ ఉన్నాయి: దూరం, గీత, ఎత్తు. వేసవి నుంచి గీత లేదు, ఎత్తు లేదు. ఆగిన ప్రతి చోటా మీటరు అంకె మాత్రం ఉంది. వాటి మధ్య తేడాలు చూశాను. మొదట మూడు వందల గజాలు. తర్వాత రెండు వందలు. జూలైలో నూట ఇరవై. ఆగిన కారణం రాసే చోటు ప్రతిసారీ ఖాళీగా ఉంది. నా విషయంలో నేను చెప్పిన అబద్ధాలన్నీ పొందికగా రాసుకున్న మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి ఒక అబద్ధం కూడా రాయలేకపోయారు.

ఆయన దేనికి భయపడ్డారో నాకు తెలియదు. నా చిన్నమ్మ చీర లాంటిది ఆయనకు ఏదైనా ఉండేదేమో. లేదా హైదరాబాదులో నేను పడుకున్న మంచం గుర్తుండేదేమో. ఒకటి మాత్రం తెలుసు. ఎక్కుడు మీద ఆగి వేరే వస్తువు వైపు చూసే మనిషి ఎందుకు ఆగుతాడో ఈ లోకంలో అందరికంటే నాకే బాగా తెలియాలి. ఆ పని నేనే చేశాను, చెప్పు పట్టీ పట్టుకుని. ఆయన ఒక్క వారంలో కనిపెట్టారు. నేను ఏడాదిపాటు పైన నిలబడి ఎంత అని అడిగాను, ఎందుకు అని అడగలేదు.

ఇది రాయడానికి కారణం ఇదే. మీ ఇంట్లో జబ్బు నుంచి లేచినవారు ఉంటే, వారిని మోసినవారు కూడా ఉంటారు. వారు దారిలో ఆగితే దగ్గరికి వెనక్కి నడవండి. చదునుగా ఉన్న చోట ఆగితే మరీ త్వరగా నడవండి. నిజం చెప్పకపోతే కోప్పడకండి, చెప్పడానికి వీలయ్యే ఎత్తు ఒకటి వారికి పెట్టండి. అది మడిచిన బస్సు టికెట్టు అంతదైనా చాలు.

ఆ టికెట్టు నా దగ్గర ఉంది, నోటుబుక్కులో పెట్టాను. గుండె బాగానే ఉంది. ఆరు నెలలకొకసారి చూపించుకుంటాను, అడిగినదానికి నిజం చెబుతాను. బడికి నడిచే పోతాను. మల్లక్క పీట వేస్తే కూర్చుంటాను.

సైకిలు వరండాలో గోడకు ఆనించి ఉంది. అనెరాయిడ్ దాని హ్యాండిలు మీదే ఉంది. వానలు వస్తాయి, పోతాయి, ముల్లు జరుగుతూ ఉంటుంది. అత్తమ్మ ఒడియాలు పెట్టే ముందు ఆకాశం చూసుకుంటుంది. పొద్దున్నే అద్దం తట్టి ముల్లును ఇంటి ఎత్తుకు తేవడం ఇప్పుడు మా ఇంట్లో లేదు.